ఐటీ ఉద్యోగం పోతే, ఆఫీసుకు రమ్మంటే: గోదావరి జిల్లాల ఇళ్ళలో తరచుగా అడిగే ప్రశ్నలు

2020 మార్చిలో లాక్‌డౌన్ పెట్టగానే మన పిల్లలు ల్యాప్‌టాప్ సంచులు భుజాన వేసుకుని ఊళ్ళకు వచ్చేశారు. అంబాజీపేట, రాజోలు, ఆచంట, పాలకొల్లు, ఎక్కడ చూసినా మేడ మీద గదిలో ఒక బల్ల, ఒక ఇన్వర్టర్, చెవుల్లో హెడ్‌సెట్. ఇళ్ళు మళ్ళీ నిండాయి. ఆ తర్వాత రెండు రకాల మెయిళ్ళు మొదలయ్యాయి. ఒకటి ఆఫీసుకు వచ్చేయమని, రెండోది ఇక రానక్కర్లేదని.

నాకు రెండూ వచ్చాయి. హైదరాబాద్‌లో తొమ్మిదేళ్ళు, కోనసీమలో మా ఇంట్లో కూర్చుని మూడేళ్ళు పనిచేశాక, రమ్మంటే మళ్ళీ హైదరాబాద్ వెళ్ళాను. 2023లోనే మా టీమ్ మొత్తాన్ని ఒకే రోజు తీసేశారు. అప్పటి నుంచి చుట్టుపక్కల ఊళ్ళ వాళ్ళు, వాళ్ళ అమ్మానాన్నలు నన్ను అడుగుతూనే ఉన్నారు. ఆ ప్రశ్నలే ఇవి. నేను వకీలును కాను. చట్టం సంగతులు నేను చదివి, నా విషయంలో పోట్లాడి తెలుసుకున్నవి. సంతకం పెట్టే ముందు వకీలును కూడా అడగండి.

మా అబ్బాయికి ఎప్పుడూ మంచి రేటింగే వచ్చేదండి. మరి ఎందుకు తీసేశారు? ఏం తప్పు చేశాడు?

ఈ ప్రశ్న అడిగినంతమంది మరే ప్రశ్నా అడగలేదు. తప్పేమీ చేయలేదండి.

కరోనా కాలంలో జనమంతా ఇళ్ళలో ఉండి అన్నీ ఫోన్‌లోనే కొనేసరికి, ఆ గిరాకీ ఎప్పటికీ ఇలాగే ఉంటుందనుకుని కంపెనీలు లెక్కకు మించి మనుషుల్ని తీసుకున్నాయి. అప్పట్లో అమెరికాలో వడ్డీ దాదాపు సున్నా. 2022 మార్చి నుంచి అక్కడి కేంద్ర బ్యాంకు పెంచుకుంటూ పోయి 2023 జులైకి 5.25 శాతం దాటించింది. చౌకగా దొరికే డబ్బు ఆగింది, ఖర్చు తగ్గించమని వాటాదారులు పట్టుబట్టారు. మెటా 2022 నవంబరులో 11,000 మందిని తీసేసింది. 2023 జనవరిలో గూగుల్ 12,000, మైక్రోసాఫ్ట్ 10,000, అమెజాన్ 18,000 అన్నాయి. మన దేశంలో టీసీఎస్ కూడా 2025 జులైలో సిబ్బందిలో 2 శాతం, అంటే సుమారు 12,000 మందిని తగ్గిస్తామని చెప్పింది. ఎక్కువగా మధ్య, పై స్థాయుల వాళ్ళే.

ఇంత పెద్ద జాబితా తయారు చేసేటప్పుడు ఒక్కొక్కరి పనితనం తూచరు. ఏ ప్రాజెక్టు మూసేస్తున్నారు, ఎవరి జీతం ఎక్కువ, ఎవరు ప్రాజెక్టు లేకుండా బెంచ్ మీద ఉన్నారు, ఇవే చూస్తారు. మా టీమ్‌లో అంతకు ముందు నెలలోనే బహుమతి అందుకున్న అమ్మాయి పేరు కూడా ఆ జాబితాలో ఉంది. అందుకే పెద్దవాళ్ళకు నా మనవి: అబ్బాయి ఇంటికి రాగానే "ఏం చేశావురా?" అని అడగకండి. అన్నం పెట్టండి. రెండు రోజులు నిద్రపోనివ్వండి.

ఇదంతా ఏఐ (కృత్రిమ మేధ) వల్లేనా?

కొంతవరకే. టీసీఎస్ అధిపతి కృతివాసన్ కూడా ఆ కోత ఏఐ వల్ల కాదని, నైపుణ్యాలకు తగిన పని ఇవ్వలేకపోవడం వల్లనని చెప్పారు. అయితే మరో దారిలో ఏఐ దెబ్బ తగులుతోంది. పెద్ద కంపెనీలు డేటా సెంటర్లకు, చిప్‌లకు కుమ్మరిస్తున్న డబ్బు ఎక్కడో ఒకచోట మిగలాలి కదా, జీతాల పద్దు దగ్గరే ముందు కత్తెర వేస్తున్నారు. కొత్తగా చేరేవాళ్ళు నేర్చుకుంటూ చేసే చిన్న చిన్న కోడింగ్, టెస్టింగ్ పనులు కూడా తగ్గాయి. నాకు ఎక్కువ బెంగ వాళ్ళ గురించే.

హెచ్ఆర్ (సిబ్బంది వ్యవహారాలు చూసే) వాళ్ళు "లేఆఫ్" అంటారు. చట్టంలో కూడా అదేనా?

కాదు. చట్టంలో లేఆఫ్ అంటే తాత్కాలికంగా పని ఇవ్వలేకపోవడం, ఉద్యోగం పోదు. పూర్తిగా తీసేయడాన్ని రిట్రెంచ్‌మెంట్ అంటారు. వకీలుతోనో లేబర్ ఆఫీసులోనో మాట్లాడేటప్పుడు ఈ రెండో మాటే వాడండి.

తీసేస్తున్నామని చెప్పరు, రిజైన్ చేయమంటున్నారు. సంతకం పెట్టేయాలా?

వెంటనే పెట్టకండి. నేను చేసిన పొరపాటు అదే, అందుకే దీని గురించి కాస్త ఎక్కువ చెబుతాను.

ఇది ఎలా జరుగుతుందంటే, పదిహేను నిమిషాల కాల్ పెడతారు. మేనేజరు, హెచ్ఆర్ ఇద్దరూ ఉంటారు. "నువ్వే రిజైన్ చేస్తే రిలీవింగ్ లెటర్ శుభ్రంగా వస్తుంది, లేకపోతే టర్మినేషన్ అని రికార్డులో పడుతుంది, ఇవాళ సాయంత్రంలోగా చెప్పు" అంటారు. మనకు గుండె దడ. పరువు పోతుందన్న భయం. పోర్టల్‌లోకి వెళ్ళి బటన్ నొక్కేస్తాం. ఆ ఒక్క నొక్కుతో చట్టం దృష్టిలో ఎవరూ మనల్ని తీసేయలేదు, మనమే మానేశాం.

తీసేసినప్పుడు చట్టం ఇచ్చే రక్షణలు మానేసినవాళ్ళకు వర్తించవు. కనీసం ఏడాది పనిచేసిన కార్మికుణ్ణి తీసేయాలంటే నెల నోటీసు గానీ దాని బదులు జీతం గానీ ఇవ్వాలి. పనిచేసిన ప్రతి ఏడాదికీ 15 రోజుల సగటు జీతం చొప్పున పరిహారం కట్టాలి. 1947 నాటి పారిశ్రామిక వివాదాల చట్టంలో ఉన్న ఈ నియమం, 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉంది. వాటిలో అదనంగా మరో 15 రోజుల జీతం, కొత్త నైపుణ్యాలు నేర్చుకోవడానికి ఒక నిధి ద్వారా 45 రోజుల్లో ఇవ్వాలన్న మాట కూడా ఉంది.

ఇక్కడ ఒక చిక్కు. "సాఫ్ట్‌వేర్ ఇంజనీర్లు కార్మికులు కారు" అని కంపెనీలు వాదిస్తాయి. మేనేజర్లకు, పాలనా బాధ్యతలున్నవాళ్ళకు, నెలకు 18,000 రూపాయలు దాటిన సూపర్‌వైజర్లకు ఈ రక్షణ లేని మాట నిజమే. కానీ చూడవలసింది పేరు పక్కన ఉన్న హోదా కాదు, చేతిలో ఉన్న పని. కార్డు మీద లీడ్ అని ఉన్నా, కింద ఒక్క మనిషి కూడా లేకుండా రోజంతా కోడ్ రాసేవాళ్ళు చాలామంది ఉన్నారు. సెలవులు మంజూరు చేసే, రేటింగ్ ఇచ్చే అధికారం మీకు లేదని చూపించే మెయిళ్ళు ఉంటే దాచుకోండి.

కాల్‌లో ఒక్క మాట చెప్పండి: "ఈ విషయం నాకు మెయిల్‌లో పంపించండి, చదివి రెండు రోజుల్లో జవాబిస్తాను." గొంతు పెంచనక్కర్లేదు, బతిమాలనక్కర్లేదు. మెయిల్ రాకపోతే మీరే రాయండి, "ఇవాళ ఫలానా గంటకు నన్ను రిజైన్ చేయమన్నారు, కారణం తెలపగలరు" అని. ఆ తర్వాత ప్యాకేజీ, అంటే మానేసినందుకు వాళ్ళిచ్చే మొత్తం గురించి బేరం ఆడవచ్చు. నెల రోజులిస్తామన్నవాళ్ళు మూడు నెలలకు వచ్చిన సందర్భాలు నాకు తెలుసు. చివరికి మంచి మొత్తం ఇచ్చి రిజైన్ చేయమంటే ఒప్పుకోవడం కూడా తెలివైన పనే కావచ్చు. లెక్క చూసుకుని ఒప్పుకోవడం వేరు, భయపడి ఒప్పుకోవడం వేరు.

ల్యాప్‌టాప్ లాక్ అయ్యేలోగా జీతం స్లిప్పులు, ఫారం 16, ఆఫర్ లెటర్, రేటింగ్ లెటర్లు మీ సొంత మెయిల్‌కు పంపుకోండి. కంపెనీ కోడ్, కస్టమర్ ఫైళ్ళు మాత్రం ముట్టుకోకండి.

ఫిర్యాదు ఎక్కడ చేయాలి? అమలాపురంలో చేయవచ్చా?

మీరు పనిచేసిన ఆఫీసు ఉన్న ఊళ్ళోని లేబర్ కమిషనర్ కార్యాలయంలో. హైదరాబాద్ ఆఫీసు అయితే హైదరాబాద్‌లోనే. ముందు సలహా కావాలంటే మాత్రం మన కోర్టుల్లో ఉండే న్యాయసేవా సంస్థల దగ్గరికి వెళ్ళవచ్చు. ఆడవాళ్ళకు, ఎస్సీ ఎస్టీలకు ఆదాయంతో పని లేకుండా వకీలును ఉచితంగా ఇస్తారు. ఈ సంగతి తెలిసినవాళ్ళు చాలా తక్కువ.

చేతికి ఎంత రావాలి?

చివరి నెల జీతం, నోటీసు డబ్బు, కంపెనీ నియమాల ప్రకారం మిగిలిన సెలవుల డబ్బు, ఒప్పుకున్న ప్యాకేజీ. కొత్త వేతనాల కోడ్ ప్రకారం రావలసిన జీతం బాకీలు ఉద్యోగం ముగిసిన రెండు పని దినాల్లో చెల్లించాలి. "నలభై ఐదు రోజులు పడుతుంది, అది మా పాలసీ" అంటే ఈ నియమాన్ని గుర్తు చేయండి.

ఐదేళ్ళు నిండితే గ్రాట్యుటీ ఉంటుంది. మూల వేతనం, డీఏ (కరువు భత్యం) కలిపి నెలకు 40,000 అనుకుందాం, ఆరేళ్ళు పనిచేశారు. 40,000ను 15తో గుణించి 26తో భాగించి, ఆరుతో గుణిస్తే సుమారు 1,38,461 రూపాయలు. ఐదేళ్ళకు కొద్ది నెలలు తక్కువైందని వదిలేయకండి. నాలుగేళ్ళు నిండి ఐదో ఏడు 240 రోజులు పనిచేస్తే చాలని మద్రాస్ హైకోర్టు తీర్పు ఉంది, అడిగి చూడవచ్చు. గడువు ఒప్పందం మీద చేరినవాళ్ళకు కొత్త కోడ్ కింద ఒక ఏడాదికే గ్రాట్యుటీ వస్తుంది.

పీఎఫ్ మొత్తం తీసేసుకోమంటారా?

ఇల్లు గడవకపోతేనే. 2025 అక్టోబరులో పీఎఫ్ సంస్థ ఈపీఎఫ్‌ఓ ట్రస్టీల బోర్డు చేసిన నిర్ణయం ప్రకారం ఉద్యోగం పోయిన వెంటనే 75 శాతం, మిగిలింది 12 నెలల తర్వాత తీసుకునే వీలుంటుంది. అంతకు ముందు ఈ గడువులు నెల, రెండు నెలలు ఉండేవి. దరఖాస్తు పెట్టే రోజున పోర్టల్‌లో ఏముందో ఒకసారి చూసుకోండి. మొత్తం సర్వీసు ఐదేళ్ళు నిండకుండా తీస్తే సాధారణంగా పన్ను పడుతుంది. పెన్షన్ వాటా తీసేస్తే, పదేళ్ళ సర్వీసుకు లెక్క మళ్ళీ మొదటి నుంచి.

అమ్మానాన్నల ఆరోగ్య బీమా కంపెనీదే. దాని సంగతి?

సాధారణంగా ఆఖరి పని రోజుతోనే అది ఆగిపోతుంది. ప్యాకేజీ బేరంలో డబ్బుకన్నా ముందు దీన్ని అడగండి, మూడు నెలలో ఆరు నెలలో పొడిగించమని. అదే బీమా కంపెనీలో సొంత పాలసీకి మారే వీలు ఉంటుంది, గడువు ముగియకముందే దరఖాస్తు పెట్టాలి. నాన్నగారికి షుగరు, బీపీ ఉంటే కొత్త పాలసీ కోసం తిరగడం కన్నా ఇదే మేలు.

ఐదేళ్ళుగా ఇంటి నుంచే చేస్తున్నాను. ఇప్పుడు ఆఫీసుకు రమ్మన్నారు. రానని చెప్పే హక్కు ఉందా?

మన దేశంలో ఇంటి నుంచి పనిచేసే హక్కు ఇచ్చే చట్టం లేదు. ఆఫర్ లెటర్‌లో పని చోటు మీ ఊరే అని ఉంటే వాదించడానికి ఒక ఆధారం. చాలామందికి హైదరాబాద్ అనో బెంగళూరు అనో ఉంటుంది, కింద "కంపెనీ కోరిన చోట" అన్న వాక్యం కూడా ఉంటుంది. బాలింతలకు మాత్రం ఒక వెసులుబాటు ఉంది. 2017లో ప్రసూతి చట్టంలో చేర్చిన, ఇప్పుడు కొత్త లేబర్ కోడ్‌లలోనూ ఉన్న నియమం ప్రకారం సెలవు ముగిశాక, పని స్వభావం అనుమతిస్తే, ఇద్దరూ ఒప్పుకున్న షరతుల మీద ఇంటి నుంచి చేయవచ్చు. యాభై మంది పనిచేసే చోట పిల్లల్ని చూసుకునే క్రెష్ కూడా ఉండాలి.

హక్కు లేకపోయినా అడగడానికి దారి ఉంది. వారానికి మూడు రోజులు అన్న నియమం హైదరాబాద్ కొండాపూర్‌లో ఉన్నవాడికి సగం వెసులుబాటు. అమలాపురంలో ఉన్నవాడికి అది మకాం మొత్తం ఎత్తేయడం. మన అమలాపురానికి ఇప్పటికీ రైలు లేదు, రాజమండ్రికో నరసాపురానికో వెళ్ళి ఎక్కాలి, లేదా రావులపాలెంలో రాత్రి బస్సు. అందుకని రోజుల్ని కలిపి ఇమ్మని అడగండి. నెలకు 10 రోజులు లెక్క పెట్టే కంపెనీలో "నెలలో మొదటి రెండు వారాలు అక్కడే ఉంటాను, మిగతా రోజులు ఇంటి నుంచి" అని రాసిస్తే ఒప్పుకున్న మేనేజర్లు ఉన్నారు. వారం వారం రమ్మంటే కుదరనిది ఇలా కుదురుతుంది. మీకున్న రెండు నెట్ కనెక్షన్లు, ఇన్వర్టర్ గురించి కూడా ఆ మెయిల్‌లో రాయండి. 2025 అక్టోబరులో మొంథా తుఫాను నరసాపురం దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు పోయిన సంగతి వాళ్ళకూ గుర్తుంటుంది.

అసలు ఎందుకు రమ్మంటున్నారు? ఇంట్లో పని బాగానే జరిగిందిగా?

టీసీఎస్ 2023 అక్టోబరు నుంచే ఐదు రోజులూ రమ్మంది. అమెజాన్ 2025 జనవరి నుంచి. కలిసి కూర్చుంటే ఆలోచనలు పుడతాయి, కొత్తవాళ్ళు నేర్చుకుంటారు అని వాటి వాదన. కొత్తవాళ్ళ మాట నేను ఒప్పుకుంటాను. ఉద్యోగంలో మొదటి రెండేళ్ళు పక్క కుర్చీలో సీనియర్ ఉంటే నేర్చుకునేది వేరు. ఇంటర్ నుంచి నేరుగా హాస్టల్, కాలేజీ, ఆ వెంటనే సొంత గది అయితే మనిషి బిగుసుకుపోతాడు.

పదేళ్ళ అనుభవం ఉన్నవాళ్ళ విషయంలో మాత్రం నాకు ఆ వాదన నిలబడేలా కనబడదు. చైనాలోని ట్రిప్.కామ్ కంపెనీలో 1,612 మంది మీద చేసిన ప్రయోగం 2024లో నేచర్ పత్రికలో వచ్చింది. వారానికి రెండు రోజులు ఇంట్లో ఉన్నవాళ్ళ పనితీరులో, ప్రమోషన్లలో తేడా రాలేదు, ఉద్యోగం మానేసేవాళ్ళు మూడో వంతు తగ్గారు. అది హైబ్రిడ్ (కొన్ని రోజులు ఆఫీసు, కొన్ని రోజులు ఇల్లు) మీద చేసింది, పూర్తిగా ఇంటి నుంచి చేసేవాళ్ళ మీద కాదు, ఆ తేడా గుర్తుంచుకోవాలి.

రమ్మంటే కొందరు తమంతట తామే మానేస్తారని, పరిహారం ఇవ్వనక్కర్లేదని లెక్క వేసే యాజమాన్యాలు కూడా ఉన్నాయని నా నమ్మకం. మా ఆఫీసులో పిలుపు వచ్చిన నెలలో మానేసినవాళ్ళంతా ముసలి తల్లిదండ్రులున్నవాళ్ళు, చంటిపిల్లల తల్లులు. నాకు ఇప్పటికీ బాధగా ఉండేది అదే.

జీతం తగ్గినా ఊళ్ళోనే ఉండే ఉద్యోగం చూసుకోవచ్చా?

కాగితం మీద వేసి చూడండి. ఉదాహరణకు హైదరాబాద్‌లో చేతికి 80,000. అద్దె, మెయింటెనెన్స్ 22,000, తిండి 12,000, రాకపోకలు 6,000, ఇంటికి వచ్చి వెళ్ళడానికి 5,000 పోతే మిగిలేది 35,000. ఊళ్ళో 55,000 వస్తే, ఇంట్లో 15,000 ఇచ్చి, నెట్‌కు, కరెంటుకు 2,000 కట్టినా 38,000 మిగులుతుంది. మీ అంకెలు వేరుగా ఉంటాయి, లెక్క వేసే తీరు ఇదే. ఇందులో కనబడనిది ఒకటుంది: తర్వాతి ఉద్యోగం చాలాసార్లు తెలిసినవాళ్ళ ద్వారానే వస్తుంది. ఊళ్ళో ఉంటే పాత సహోద్యోగులతో మాట తెగకుండా చూసుకోవాలి.

మన దగ్గరికే ఆఫీసులు రావా?

కాకినాడలో ఎస్‌టీపీఐ (కేంద్ర ప్రభుత్వ సాఫ్ట్‌వేర్ పార్కుల సంస్థ) కేంద్రం ఉంది. రాజమండ్రిలో 2025లో రతన్ టాటా ఇన్నోవేషన్ హబ్ కేంద్రం మొదలైంది. ఊళ్ళ దగ్గరే కూర్చుని పనిచేసుకునే స్థలాలకు ప్రోత్సాహం ఇస్తామని రాష్ట్ర ప్రభుత్వం ఐటీ విధానంలో రాసింది. విశాఖలో గూగుల్ అయిదేళ్ళలో 1,500 కోట్ల డాలర్లు పెడతానంది, టీసీఎస్, కాగ్నిజెంట్ వస్తున్నాయి. విశాఖ నుంచి శని, ఆదివారాలు ఇంటికి రావచ్చు, కాబట్టి మంచిదే. డేటా సెంటర్ అంటే వేలమంది కూర్చునే ఆఫీసు కాదని మాత్రం తెలుసుకోండి. భీమవరం ఎస్‌ఆర్‌కేఆర్ కాలేజీ 1980 నుంచి ఇంజనీర్లను తయారు చేస్తోంది, కాకినాడలో జేఎన్‌టీయూ ఉంది. చదువుకున్నవాళ్ళకు ఇక్కడ కొదవ లేదు. పాలకొల్లులోనో అమలాపురంలోనో కరెంటు పోని, నెట్ ఆగని యాభై కుర్చీల గది ఒకటి ఉంటే ఎంతమంది ఊళ్ళోనే నిలబడతారో. నేను పంచాయతీ వాళ్ళను అడుగుతూనే ఉన్నాను.

వచ్చిన పరిహారంతో రొయ్యల చెరువు లీజుకు తీసుకుందామనుకుంటున్నాను.

దయచేసి ఆగండి. నాన్నగారో మామయ్యగారో ఇప్పటికే సాగులో ఉండి, వాళ్ళ పక్కన రెండు పంటలు చూశాక అయితే వేరు. లీజు, సీడ్, మేత, ఏరియేటర్లకు కరెంటు, డీజిల్, అన్నీ ముందు పెట్టుబడే. తెల్లమచ్చ తెగులు వస్తే రోజుల్లో చెరువు ఖాళీ. రేటు మన చేతిలో ఉండదు: 2025 ఆగస్టులో అమెరికా మన సరుకు మీద సుంకం 50 శాతానికి పెంచినప్పుడు భీమవరం వైపు రైతులు పడిన కంగారు కళ్ళారా చూశాం. కౌంటు (కిలోకు ఎన్ని రొయ్యలు) ఎలా చూడాలో తెలియనివాళ్ళు ఆరు నెలల ఇంటి ఖర్చు చెరువులో పోయకూడదు. కొబ్బరి తోట మీద కూడా నెలజీతంలాంటి ఆదాయం ఊహించుకోకండి. మీ నాన్నగారితో ఒక దింపు (ఒక విడత కాయల కోత) లెక్క రాసి చూడండి, తెలుస్తుంది.

మా అమ్మాయి అమెరికాలో హెచ్1బీ ఉద్యోగ వీసా మీద ఉంది. ఉద్యోగం పోయింది.

అక్కడ ఉండడానికి గరిష్ఠంగా 60 రోజుల గడువు ఉంటుంది. ఐ-94 (అక్కడ ఎప్పటివరకు ఉండవచ్చో చెప్పే పత్రం) గడువు ఇంకా ముందే ఉంటే అప్పటివరకే. సాధారణంగా జీతం చెల్లించిన ఆఖరి రోజు నుంచి లెక్క. ఆలోగా కొత్త కంపెనీ పిటిషన్ వేయాలి, లేదా వేరే వీసా హోదాకు మార్చుకోవాలి. 2025 సెప్టెంబరు నుంచి కొత్త పిటిషన్లకు పెట్టిన లక్ష డాలర్ల రుసుము, ఆ దేశంలో ఉండగానే కంపెనీ మారేవాళ్ళకు వర్తించదని అక్కడి అధికారులు చెప్పారు. దేశం దాటాక అయితే పడే అవకాశం ఉంది. అందుకని "వచ్చేయమ్మా" అని టికెట్ బుక్ చేసేయకండి. వీసా వకీలుతో మాట్లాడాకే.

రెండు లక్షలు కడితే బ్యాక్‌డోర్‌లో ఉద్యోగం పెట్టిస్తామంటున్నారు.

కట్టకండి. దొంగ అనుభవం చూపించి చేరినవాళ్ళు తనిఖీలో పట్టుబడి, ఉన్న మంచిపేరు కూడా పోగొట్టుకున్నారు. థాయ్‌లాండ్‌లో డేటా ఎంట్రీ అని తీసుకెళ్ళి మయన్మార్, కంబోడియాల్లో సైబర్ మోసాల ముఠాలకు అప్పగించినవాళ్ళలో మన తెలుగు పిల్లలు ఉన్నారు. విదేశీ ఏజెంటు ఎవరైనా ప్రభుత్వ ఈమైగ్రేట్ పోర్టల్‌లో పేరు ఉందో లేదో చూడండి. డబ్బు ఇప్పటికే పోతే వెంటనే సైబర్ మోసాల ఫిర్యాదు నంబరు 1930కి ఫోన్ చేయండి, గంటలు గడిచేకొద్దీ తిరిగి రావడం కష్టం.

ఇంటి లోన్ ఈఎంఐ ఎలా?

వాయిదా తప్పకముందే బ్యాంకుకు వెళ్ళి రాతపూర్వకంగా చెప్పండి. 90 రోజులు దాటి బాకీ పడితే ఎన్‌పీఏ (మొండి బాకీ) అవుతుంది, అప్పుడు వాళ్ళ చేతుల్లోనూ ఏమీ ఉండదు. కాలపరిమితి పెంచమని అడగవచ్చు. ముందు క్రెడిట్ కార్డు బాకీ తీర్చండి, దాని వడ్డీ అన్నిటికన్నా ఎక్కువ.

సంబంధం మాట్లాడుతున్నాం. ఉద్యోగం పోయిందని చెప్పాలా?

చెప్పాలి. లగ్నం పెట్టుకోకముందే.

పండక్కి ఊరు రావాలంటే మొహం చెల్లడం లేదు.

నేను కూడా ఆ ఏడు రాకూడదనుకున్నాను. ముందు నాన్నగారికి ఫోన్ చేసి ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఏ బండికి వస్తున్నావు, రావులపాలెం రానా?" అన్నారు. అందుకని మీరూ ముందు ఇంట్లో ఒక్కరికి చెప్పండి, నాన్నతో కష్టమైతే అమ్మకో అక్కకో. వీధిలో అడిగినవాళ్ళకు "కంపెనీలో చాలామందిని తీసేశారండి, వేరేది చూసుకుంటున్నాను" అంటే సరిపోతుంది. మళ్ళీ మళ్ళీ అడిగేవాళ్ళు ఇద్దరో ముగ్గురో ఉంటారు, వాళ్ళకూ అదే మాట.

రాత్రిళ్ళు నిద్ర పట్టకపోయినా, బతకాలనిపించకపోయినా ప్రభుత్వ మానసిక ఆరోగ్య సేవ టెలిమానస్ నంబరు 14416కి ఫోన్ చేయండి. ఉచితం, ఏ వేళైనా ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. సంక్రాంతికి టికెట్లు ముందే అయిపోతాయి కాబట్టి బుక్ చేసుకోండి. కనుమ నాడు జగ్గన్నతోటకు పదకొండు ఊళ్ళ ప్రభలూ వస్తాయి, మా వాళ్ళంతా అక్కడే ఉంటాం. నన్ను పలకరించండి, మీ కాగితాలు తెచ్చుకుంటే కూర్చుని చూద్దాం.